‘ఫ్లిట్’ అంటే ఎగరడమా, చోటు మారడమా?

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తెరిచి ‘ఫ్లిట్’ అనే క్రియ చూస్తే ‘ఎగురు’, ‘రివ్వున పోవు’, ‘తేలికగా కదులు’ లాంటి అర్థాలు కనిపిస్తాయి. ఏదీ పూర్తిగా తప్పు కాదు. కానీ వీటిని నమ్ముకుని ఇంగ్లీషు వాక్యం రాస్తే పదిలో సగం సార్లు తప్పొస్తుంది. శ్రీహరికోట నుంచి రాకెట్టు రివ్వున లేస్తుంది, అది ఫ్లిట్ కాదు. పులికాట్ సరస్సు మీద ఫ్లెమింగోలు బారులు తీరి ఎగురుతాయి, అదీ కాదు. అలిపిరి మెట్లదారి పక్క పొదలో తేనెపిట్ట ఒక పూవు మీద వాలి, రెండు క్షణాలు ఆగి, పక్క పూవుకు మారి, అక్కడా నిలవకుండా మూడోదానికి పోతుంది చూడండి, అదే ఫ్లిట్.

తేడా వేగంలో లేదు, ఎగరడంలోనూ లేదు. ఈ క్రియకు ప్రాణం చోటు మారడంలో ఉంది. తేలికదనం, చురుకుదనం తర్వాత వచ్చి చేరాయి. పదం చరిత్ర చెప్పేదీ ఇదే, వాడుకలో ఎదురయ్యే చిక్కులను విప్పేదీ ఇదే. ముందు వాడుక చూసి, చరిత్రలోకి తర్వాత పోదాం.

ఒక కదలికను ఫ్లిట్ అనాలంటే కదిలేది చిన్నదో, బరువులేనిదో అయి ఉండాలి. ఒక్కో కదలికా పొట్టిగా ఉండాలి. మధ్యలో ఆగడం ఉండాలి, కానీ ఆ ఆగడం స్థిరపడటం కాకూడదు. శ్రమ కనిపించకూడదు, చప్పుడు దాదాపు ఉండకూడదు. ఎక్కువమంది మరిచిపోయేది ఆగడం సంగతి. ఒక చోటి నుంచి బయలుదేరి ఇంకో చోటికి చేరి అక్కడే ఉండిపోయిన పిట్టను ఫ్లిట్ అయిందనడం పొసగదు. అందుకే ఈ క్రియ ఒంటరిగా తక్కువ కనిపిస్తుంది. వెనక ‘ఫ్రమ్... టు’ (ఇక్కడి నుంచి అక్కడికి), ‘బిట్వీన్’ (వీటి మధ్య), ‘అబౌట్’ (అటూ ఇటూ) లాంటివి ఉంటాయి. ‘అక్రాస్’, ‘త్రూ’, ‘పాస్ట్’ వచ్చినప్పుడు మాత్రం ఆగడం పోయి, కనబడీ కనబడనట్టు దాటిపోవడం మిగులుతుంది. మొహం మీద నవ్వు ఫ్లిట్ అవడం, మనసులో ఒక ఆలోచన ఫ్లిట్ అవడం ఈ రకం.

మనుషుల విషయంలో వాడితే చిన్న ఎత్తిపొడుపు ఉంటుంది. ఉద్యోగం నుంచి ఉద్యోగానికి, ఒక కోర్సు నుంచి ఇంకో కోర్సుకు ఫ్లిట్ అవుతున్నాడంటే చురుకైనవాడని కాదు, ఎక్కడా నిలకడ లేనివాడని అర్థం. రెజ్యూమెలో తన గురించి తానే ఈ మాట రాసుకోవడం మంచిది కాదు.

పక్కపక్కనే ఉండే క్రియలతో పోల్చి చూస్తే హద్దులు ఇంకా తేటపడతాయి. చెరువు మీద లకుముకి పిట్ట చేపను చూసి సూటిగా నీళ్ళలోకి దూసుకుపోతే అది ‘డార్ట్’. ఒకే గీత, ఒకే గురి. అదే జాతిలో నలుపు తెలుపు చారల పిట్ట దూకే ముందు రెక్కలాడిస్తూ గాల్లో ఒకే చోట నిలబడితే ‘హోవర్’. కిటికీ రెక్కకు చిక్కుకున్న సీతాకోకచిలుక రెక్కలు టపటపా కొట్టుకుంటే ‘ఫ్లటర్’. ఇక్కడ రెక్కలు కదలాలి, ఒళ్ళు చోటు మారాలన్న నియమం లేదు. అందుకే జెండా ఫ్లటర్ అవుతుంది గానీ ఫ్లిట్ అవదు. నీటి మీద తూనీగ అంటీ అంటనట్టు సాగిపోతే ‘స్కిమ్’. ఉడుత గోడ మీద గబగబా పరుగెత్తితే ‘స్కరీ’ లేదా ‘స్కాంపర్’. దానికి కాళ్ళ చప్పుడుంది, కంగారుంది, ఈ రెండూ ఫ్లిట్‌కు పడవు. పిల్లలు గెంతుతూ పోతే ‘స్కిప్’. సీతాకోకచిలుక ఫ్లటర్, ఫ్లిట్ రెండూ చేస్తుంది. రెక్కల కదలిక మీద చూపు పెడితే మొదటిది, పూవు నుంచి పూవుకు మారడం మీద పెడితే రెండోది.

మూట మోయడంతో మొదలు

ఇప్పుడు చరిత్ర. ఇంగ్లండులో ఈ మాట సుమారు 1200 నాటికి రాతల్లో ఉంది. అప్పటి రూపం ‘ఫ్లిట్టెన్’. అర్థం పిట్టలకు, పూలకు ఏ సంబంధమూ లేనిది: ఒక వస్తువును ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేయడం, మోసుకుపోవడం. దానితో పాటే, తానే వెళ్ళిపోవడం, వలస పోవడం అనే అర్థమూ ఉంది. చురుగ్గా తేలికగా కదలడం అనే అర్థం 15వ శతాబ్దం మొదట్లో గానీ కనబడదు. అంటే దాదాపు రెండు వందల ఏళ్ళు ఇది సామాన్లు మోసిన క్రియ.

ఇది ఇంగ్లీషు సొంత మాట కూడా కాదు. 9వ శతాబ్దం నుంచి స్కాండినేవియా వాళ్ళు దండెత్తి వచ్చి, ఇంగ్లండు ఉత్తర, తూర్పు భాగాల్లో స్థిరపడ్డారు. వాళ్ళ పాత నార్స్ భాషలోని ‘ఫ్లిత్య’ అనే క్రియ ఇలా ఇంగ్లీషులోకి దిగింది. ‘దే’, ‘టేక్’, ‘ఎగ్’, ‘స్కై’, ‘విండో’ కూడా వాళ్ళ దగ్గరి నుంచే వచ్చాయి. ఫ్లిత్య అంటే చేరవేయు, తరలించు. ఈనాటికీ స్వీడిష్‌లో ‘ఫ్లిత్తా’, నార్వేజియన్, డానిష్ భాషల్లో ‘ఫ్లిత్తె’ అంటే జరపడం, ఇల్లు మారడం. అక్కడ పిట్ట ఊసే లేదు. పుట్టింట్లో అర్థం మారలేదు, వలస వచ్చిన చోట మారింది.

ఫ్లిత్య ఎలా తయారైందో తెలుగువాళ్ళకు చెప్పడం సులువు, ఎందుకంటే మనకు ప్రేరణార్థక క్రియలు కొట్టినపిండి. తేలు–తేల్చు, జరుగు–జరుపు, నిండు–నింపు. మొదటిది తనంతట తాను జరిగేది, రెండోది ఒకరు జరిపించేది. ఇంగ్లీషుకూ నార్స్‌కూ తల్లి అయిన పాత జెర్మానిక్ భాషలో ‘తేలు’ అనే క్రియకు ‘య’ చేర్చి ‘తేల్చు’ చేశారు. పడవ మీద సరుకు తేల్చి తీసుకుపోవడమంటే చేరవేయడమే కదా. ఇంగ్లీషులో ‘సిట్–సెట్’, ‘ఫాల్–ఫెల్’, ‘రైజ్–రెయిజ్’ ఇదే పద్ధతికి మిగిలిన ఆనవాళ్ళు.

మరి ఆ పాత జెర్మానిక్ రూపం ‘ఫ్లుత్య-’లో ఉన్న ‘ఉ’ ఇక్కడ ‘ఇ’ ఎందుకైంది? వెనక వచ్చిన ‘య’ ముందున్న అచ్చును తన వైపు లాగింది. నాలుక పైకి, ముందుకు రావలసి ఉందని ముందే తెలిసి నోరు సర్దుకుంటుంది. ‘ఫుల్’ అనే నిండు, ‘ఫిల్’ అనే నింపు అయినప్పుడు జరిగిందీ ఇదే. తెలుగులో ‘కత్తి’కి ‘లు’ చేరితే ‘కత్తులు’ అవుతుంది, ‘పులి’ ‘పులులు’ అవుతుంది. దిశ వేరు, కారణం ఒకటే: వెనక వచ్చే అక్షరం ముందు అచ్చును మార్చడం.

ఇక్కడే తెలుగు పాఠకుడు పొరబడే చోటు ఒకటుంది. మన భాషలో ‘తేలు’ నుంచి ‘తేలిక’ నేరుగా వచ్చింది. నీటిపై తేలేది తేలికైనది, లెక్క సరిపోయింది. ఫ్లిట్ మూలంలో తేలడం ఉందని తెలియగానే, ఓహో, తేలిక అర్థం అక్కడి నుంచే వచ్చిందనుకోవడం సహజం. కానీ ఇంగ్లీషు ఆ అడ్డదారిలో పోలేదు. తేలడం, తేల్చి చేరవేయడం, చేరవేయడం నుంచి తానే తరలిపోవడం, తరలిపోవడం నుంచి ఎక్కడా నిలవకుండా మారుతూ ఉండడం, చివరికి పిట్టలా కొమ్మకొమ్మకూ మారడం: దారి ఇంత చుట్టు. ఫ్లిట్‌ను అప్పిచ్చిన నార్స్ మాటలో తేలడమనే భావం అప్పటికే మరుగున పడింది. నేరుగా నీటి నుంచి గాల్లోకి లేచిన మాట వేరే ఉంది, అది ‘ఫ్లటర్’. పాత ఇంగ్లీషులో ‘ఫ్లోట్’ నుంచే పుట్టి, మొదట అలల మీద అటూ ఇటూ ఊగడాన్ని చెప్పి, తర్వాత రెక్కలకు ఎక్కింది. వేగంగా పోయేదాన్ని చెప్పే ‘ఫ్లీట్’ అనే విశేషణమూ, దాని తోబుట్టువు ‘ఫ్లీటింగ్’ కూడా ఈ ఇంటివే.

ఇల్లు మారడానికి సంబంధించిన పాత అర్థం ఇంగ్లీషులో చచ్చిపోలేదు. ఉత్తర ఇంగ్లండులో, స్కాట్లండులో ‘ఫ్లిట్’ అంటే ఇప్పటికీ ఇల్లు మారడమే. స్కాట్లండులో అద్దె ఇళ్ళు మారే గడువులు ఏడాదిలో స్థిరంగా ఉండేవి: ఒకటి విట్సండే, రెండోది మార్టిన్‌మస్, రెండూ క్రైస్తవ పండుగలు. 1886 నాటి చట్టం అద్దె ఇళ్ళ విషయంలో ఈ రెండు గడువులకూ మే 28, నవంబరు 28 తేదీలు పెట్టింది. ఒకే రోజున సగం వీధి సామాన్లు బండ్లకెత్తేది. ‘సాటర్డే ఫ్లిట్, షార్ట్ సిట్’ అని అక్కడొక సామెత. శనివారం ఇల్లు మారితే అక్కడ ఎక్కువ కాలం ఉండరని నమ్మకం. ఆషాఢంలో పాలు పొంగించకుండా శ్రావణం దాకా ఆగే తిరుపతి కుటుంబాలకు, ఆడి మాసమని తమిళుల లెక్కలో వెనకాడే చిత్తూరు వాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

అద్దె కట్టకుండా రాత్రికి రాత్రే సామాను సర్దుకుని పోతే అది ‘మూన్‌లైట్ ఫ్లిట్’. తెలుగులో దానికి దొరికే సరైన మాట ‘ఉడాయించడం’. ఈ మాట హిందుస్తానీ నుంచి వచ్చింది, మూలంలో ఎగరడమే. ఇంగ్లీషులో తరలిపోయే మాట ఎగరడం దాకా పోతే, మన దగ్గర ఎగిరే మాట పారిపోవడం దాకా వచ్చింది. రెండూ ఇంటి యజమాని గుమ్మం ముందు కలుసుకున్నాయి.

పుష్కరిణిలో తేలేది, కొమ్మ మీద దూకేది

నార్స్ కంటే వెనక్కి పోతే భాషాశాస్త్రవేత్తలు పునర్నిర్మించిన ఒక ధాతువు దగ్గరికి చేరతాం. దాన్ని ‘ప్లెఉ’ అని రాస్తారు. ప్రవహించు, తేలు అని అర్థం. ఇది ఏ శాసనంలోనూ దొరకదు. వారస భాషలను పోల్చి కట్టిన రూపం, అందుకే పుస్తకాల్లో దాని ముందు నక్షత్రం గుర్తు పెడతారు. గ్రీకులో దీని నుంచి ఓడ ప్రయాణం చేయడమనే క్రియ వచ్చింది, లాటిన్‌లో వాన కురవడమనే క్రియ వచ్చింది. సంస్కృతంలో ‘ప్లు’ ధాతువు, దాని నుంచి ‘ప్లవ’ (తేలేది, తెప్ప) వచ్చాయి.

ప్లవానికీ ఫ్లిట్‌కూ మొదటి అక్షరం ఎందుకు తేడా? జెర్మానిక్ భాషల్లో పాత ‘ప’ అంతా ‘ఫ’గా, ‘ద’ అంతా ‘ట’గా మారింది. జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించిన మార్పు ఇది. రెండు మార్పులూ ఒకే మాటలో కనబడాలంటే ‘పాద’ను ‘ఫుట్’ పక్కన పెట్టి చూడండి. ఫ్లిట్ చివరి ‘ట్’ కథ కూడా ఇదే. ప్లెఉ ధాతువుకు ‘ద’ చేరిన రూపం ఒకటుంది, ఆ ‘ద’ జెర్మానిక్‌లో ‘ట’ అయింది. అదే ధాతువుకు ‘క’ చేరిన ఇంకో రూపం నుంచి ‘ఫ్లై’ వచ్చింది, దాని నుంచి రేణిగుంటలో దిగే ‘ఫ్లైట్’ వచ్చింది. కాబట్టి ఫ్లిట్ అన్నది ఫ్లైట్‌కు కుదించిన రూపం కాదు. రెండూ దాయాదులు.

తిరుమలలో ఏటా ఫాల్గుణంలో పౌర్ణమితో ముగిసేలా ఐదు రోజులు పుష్కరిణిలో జరిగేది తెప్పోత్సవం. దానికే ప్లవోత్సవమని ఇంకో పేరు. ఇంగ్లీషు పత్రికలు ‘ఫ్లోట్ ఫెస్టివల్’ అని రాస్తాయి. అనువాదకుడు ఉద్దేశించినా లేకపోయినా, ప్లవకు ఫ్లోట్ అని రాయడం ఒకే ధాతువును రెండు వేషాల్లో చూపడమే. ‘తెప్ప’ మాత్రం ఈ చుట్టరికంలో లేదు. అది ద్రావిడ పదం, తమిళంలో ‘తెప్పం’. తెప్పకు ఉత్సవం అతికించిన మనవాళ్ళు ఒకే సమాసంలో రెండు భాషాకుటుంబాలకు వియ్యం కలిపారు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దొర 1816లో చూపించింది ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలోనే.

ప్లవంతో సంస్కృతం చేసిన పని ఇంకా ఆసక్తికరం. పాణినీయ ధాతుపాఠం ఈ ధాతువుకు ఇచ్చే అర్థం ‘ప్లుఙ్ గతౌ’. గతి, అంటే కదలిక, అంతే. నీటి ఊసు లేదు. వాడుకలో తేలడం, ఈదడం, దూకడం మూడూ దీని కిందికే వస్తాయి. ‘ప్లవం’ అంటే తెప్ప. ‘ప్లవంగం’ అంటే కోతి. అమరకోశం కోతికి చెప్పిన పేర్లలో ప్లవంగం పక్కనే ‘శాఖామృగం’ ఉంటుంది, కొమ్మల మీది జంతువని. కప్పకూ ఇదే కోవలో పేర్లున్నాయి. గుర్రపు నడకలు ఐదింటిలో ఒకటి ‘ప్లుతం’. వ్యాకరణంలో మూడు మాత్రల కాలం సాగదీసిన అచ్చూ ప్లుతమే, దూరంగా ఉన్నవాణ్ణి కేకేసి పిలిచేటప్పుడు వినబడేది. పై సూత్రంలోని మాట మధ్య సూత్రాలను వదిలేసి కింది సూత్రంలోకి దూకితే పండితులు ‘మండూకప్లుతి’ అంటారు, కప్పగెంతు. నీటికి పుట్టిన మాట ఇక్కడ కూడా గెంతడం దాకా వచ్చింది. కానీ ఇంగ్లీషు ఫ్లిట్ వచ్చిన దారి ఇది కాదు. ఒకే ధాతువు నుంచి రెండు చోట్ల విడివిడిగా దగ్గరి అర్థాలు పుట్టాయి.

పంచాంగంలోనూ రెండూ ఉన్నాయి. అరవై సంవత్సరాల్లో 35వది ప్లవ, 2021 ఉగాదితో మొదలైంది. 41వది ప్లవంగ, అది 2027 ఉగాదితో వస్తుంది. ‘విప్లవం’లో ఉన్నదీ ఈ ప్లవమే, చెదిరి కొట్టుకుపోవడమని మొదటి అర్థం.

ఇంత చుట్టరికం చూశాక ‘చూశారా, ఇంగ్లీషు సంస్కృతం నుంచే పుట్టింది’ అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఫ్లిట్‌ను చూస్తేనే అది నిలవదని తెలుస్తుంది. ఫ్లిట్‌లోని ‘ట్’కు మూలమైన ‘ద’ సంస్కృత ప్లు ధాతువులో లేదు. లేనిదాన్ని కూతురు తల్లి దగ్గర తెచ్చుకోలేదు. రెండూ ఒకే తల్లి పిల్లలంటే సరిపోతుంది.

‘ఫ్ల’తో మొదలయ్యే ఇంగ్లీషు మాటలన్నీ ఒక్కింటివి అనుకోవడం ఇంకో పొరపాటు. ఫ్లో, ఫ్లడ్, ఫ్లోట్, ఫ్లీట్, ఫ్లై, ఫ్లటర్ చుట్టాలే. ‘ఫ్లీ’ అనే పారిపోవు మాత్రం కాదు. దాని పాత రూపం ‘థ్ల’తో మొదలైందని గోథిక్ అనే పాత జెర్మానిక్ భాష సాక్ష్యం చెబుతుంది, ‘ఫ్లై’తో పోలిక తర్వాత వచ్చింది. ‘ఫ్లిక్’, ‘ఫ్లాప్’ లాంటివి చప్పుడును పట్టుకుని పుట్టిన మాటలు, మన ‘టపటప’, ‘రెపరెప’ల జాతి. ఇవన్నీ పక్కపక్కన చేరడంతో ‘ఫ్ల’ అనగానే ఇంగ్లీషు చెవికి ఏదో తేలికైనది కదిలినట్టుంటుంది. పిట్టల అర్థం ఫ్లిట్‌కు అంత గట్టిగా అతుక్కుపోవడానికి ఈ ఇరుగుపొరుగూ సాయపడి ఉండొచ్చు.

రాసేటప్పుడు, అనువదించేటప్పుడు

స్పెల్లింగులో ఒక ప్రమాదం ఉంది. గతకాలంలో, ‘ఇంగ్’ రూపంలో ‘టి’ రెండుసార్లు రాయాలి. ఒక్కటే రాస్తే అది వేరే క్రియ అయిపోతుంది. ‘ఫ్లైట్’ అని పలికే పాత క్రియ ఒకటుంది, దానర్థం పోట్లాడు, తిట్టు. స్కాట్లండు కవులు సభలో ఒకరినొకరు పద్యాలతో తిట్టుకునే పోటీకి ‘ఫ్లైటింగ్’ అనే పేరు దాని నుంచే. పలికేటప్పుడు అచ్చు పొట్టిగా ఉండాలి, సాగదీస్తే ఓడల గుంపు అవుతుంది. ఇప్పటి ప్రామాణిక ఇంగ్లీషులో ఇది అకర్మక క్రియ. చేరవేత అర్థం పోయింది కాబట్టి బంతిని ఫ్లిట్ చేయడం కుదరదు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒకే క్రియ కోసం వెతకడం దండగ. మన భాష ఈ పనిని క్రియతో కాక మాటను రెట్టించి చేస్తుంది: కొమ్మకొమ్మకూ, పూవుపూవుకూ, గుమ్మం గుమ్మానికీ. ‘తేనెపిట్ట పూవుపూవుకూ వాలుతోంది’ అంటే ఫ్లిట్ మొత్తం వచ్చేసింది, ఆగడం ‘వాలు’లో, మారడం రెట్టింపులో. ‘తేనెపిట్ట పూల మీదికి రివ్వున ఎగిరింది’ అంటే డార్ట్ అయిపోతుంది. ‘తుర్రుమంది’ అంటే పారిపోయిందనే వాసన వస్తుంది. మొహం మీద నవ్వు అయితే ‘మెరిసి మాయమైంది’ చాలు, ఎగరడం తెస్తే నవ్వులపాలు. ఆలోచనలకు ‘ఒకదాని మీంచి ఒకదాని మీదికి దూకుతోంది మనసు’ అనవచ్చు, ప్లవంగాన్ని గుర్తుపెట్టుకుంటే.

పాత తరం వాళ్ళ నోట ‘ఫ్లిట్టు కొట్టడం’ అనే మాట వినబడితే అది ఈ క్రియ కాదు. 1923లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చిన ‘ఫ్లిట్’ అనే దోమల మందు, దాన్ని చల్లే చేతి పంపు ఇక్కడి దాకా వచ్చి, బ్రాండు పోయినా పేరు మిగిలింది.

చదువుకో, ఉద్యోగానికో గ్లాస్గో, ఎడిన్‌బరో వైపు పోయే పిల్లలకు మాత్రం ఒక మాట. అక్కడ పక్కింటావిడ ‘వెన్ ఆర్ యూ ఫ్లిటింగ్?’ అని అడిగితే, ఎప్పుడు ఎగురుతావని కాదు, కొత్త ఇంట్లోకి సామాను ఏ తేదీన మారుస్తున్నావని. తేదీ చెబితే సరి.